మూడు తూర్లు మోసపోయినవాడు

హోసూరు బస్టాండు పక్క హోటల్లో పెద్దవాళ్ళు వేరే బల్లకు జరిగి, పెండ్లికొడుకు శశికుమార్‌నూ పెండ్లికూతురు హేమావతినీ మాట్లాడుకోమని వదిలినారు. అతను ఏదీ దాచకూడదని నిశ్చయించుకొనే వచ్చినాడు.

"నాకు తాగుడు లేదు. అంతరిక్షం సినిమాల పిచ్చి ఒకటుంది."

"రాకెట్లలో రాజులు కొట్టుకొంటారే, అవా? మా అక్క కొడుకు చూస్తాడు. ఎనిమిదో తరగతి."

"నాకు ముప్పై నాలుగు."

"అంత బాగుంటాయా?"

"పాతవి బాగుంటాయి. తర్వాత ఇంకో మూడు తీసినారు. మూడిటికీ లీవు పెట్టి బెంగుళూరు పోయి మొదటి ఆట చూసినాను. మూడు తూర్లూ మోసపోయి, ఇంక చాలని ఒట్టు పెట్టుకొని వచ్చినాను."

"మంచిది. వదిలేసినారు కదా."

"మళ్ళీ తీస్తామని మొన్న చెప్పినారు."

"అయితే?"

"ఫ్యాక్టరీలో లీవు అడిగినాను. ఏ తేదీకి అన్నాడు సూపర్‌వైజరు. తేదీ ఇంకా చెప్పలేదు సార్ అన్నాను."

ఆమె నవ్వింది. ఈ సంబంధమూ పోయిందనుకొన్నాడు అతను.

"ఈసారి బాగుంటుందని ఎట్లా నమ్ముతారు?"

"తెలీదండి. సిగ్గు లేకుండా నమ్మకం వచ్చేస్తుంది."

ఆమె కాఫీ గ్లాసు పక్కకు జరిపింది.

"నాకు నిశ్చితార్థం అయినాక ఒక సంబంధం తప్పిపోయింది. ఆ ఒక్క తూరికే ఇంక ఎవరినీ నమ్మేది లేదనుకొన్నాను. ఈడికి కూడా అమ్మ పోరు పడలేక వచ్చినాను."

శశికుమార్ చల్లారిన తన కాఫీని ఒక్క గుక్కలో తాగేసినాడు.

"ఆ సినిమా వస్తే నన్నూ పిలవండి" అంది ఆమె. "బాగాలేకుంటే మాత్రం మధ్యలోనే లేచి వచ్చేస్తాను."

"నేనూ ప్రతిసారీ అట్లే అనుకొని పోతానండి. ఒక్కసారీ లేచింది లేదు."