కుటుంబం బల్ల

హలో… ఆ, నేనే, లవాన్‌ని. … చర్చి వంటింట్లోనే ఉన్నాను. ఇంటికి చేస్తే ఎవరు ఎత్తుతారు, ఖాళీ ఇల్లు కదా.

ఎవరూ… డెల్మర్ ఊరి ఇర్మావా. గొంతు పోల్చుకోలేకపోయాను. పక్క ఊరే అయినా నువ్వు చేస్తావనుకోలేదు.

ఆ. మా ఆయన పోయింది సోమవారం. … ధాన్యం గోదాం దగ్గర, పికప్‌లో. ఆర్విడ్ ఇంజన్ ఆపాడు, సీటు బెల్టు తీసేశాడు, దిగబోతూ… అంతే. గుండె అన్నారు. … నొప్పేమీ తెలిసుండదట. డాక్టర్లు అందరికీ అదే చెప్తారనుకో.

లేదు, ఏడవలేదు. … ఏమో ఇర్మా. ఏమీ అనిపించడం లేదు. పన్ను పీకే ముందు సూది వేస్తారే, అలా ఉంది. దవడ ఉందో లేదో తెలీదు.

రేపే. పొద్దున ప్రార్థన, తర్వాత సమాధి దగ్గరికి, తిరిగొచ్చాక కింద భోజనాలు. … ఇంకెవరు చేస్తారు, నేనే. దుంపలు ఉడుకుతున్నాయి. గుడ్లు ఇప్పుడే దించాను.

… తెలుసు. పోయినవాళ్ళ ఇంటివాళ్ళు వంటింట్లో అడుగుపెట్టకూడదు. నాకు చెప్తావేంటి, ఇన్నేళ్ళూ ఈ వంటింట్లో ఆ పద్ధతి నడిపించింది నేనే. మర్టిల్ మొగుణ్ణి పాతిపెట్టిన రోజు, ఆవిడ కాఫీ కలుపుతానని లోపలికొచ్చేసింది. మోచెయ్యి పట్టుకుని బయటికి నడిపించి కుర్చీలో కూర్చోబెట్టాను. 'ఇవాళ నీకు మేం వడ్డిస్తాం' అన్నాను.

… అప్పుడు 'మేం' అనడానికి మనుషులుండేవాళ్ళు. ఇప్పుడు మా టోర్విక్ ఊళ్ళో ఆడవాళ్ళంటే నేనూ మర్టిలే. ఆవిడకి చూపు పోయింది. నిన్న సాయానికొచ్చి, ఒలిచిన దుంపలే మళ్ళీ ఒలిచింది పాపం.

ఏంటీ… మీ ఊరి వాళ్ళొచ్చి వడ్డిస్తారా? … వద్దు.

వద్దు ఇర్మా, నొచ్చుకోకు. … అవును, పట్టింపే. లేదని ఎవరన్నారు. రైలు మా ఊరికి రావాల్సింది, మీ ఊరికి మళ్ళింది. … మీ తాతల కాలం నాటి సంగతేలే, నువ్వు మళ్ళించావనడం లేదు. దాని వెనకే బ్యాంకు. తర్వాత పాల డెయిరీ. ఆ తర్వాత బడి.

… 'కలిపేశారు' అనకు. మా పిల్లల్ని మీ బస్సెక్కించుకుని పోయారు. మా బడి గెల్చుకున్న కప్పుల్ని తీసుకెళ్ళి మీ బాయిలర్ గదిలో పడేశారు. ఆ రోజు నుంచి ఆర్విడ్ మీ ఊళ్ళో క్షవరం కూడా చేయించుకోలేదు. ఎక్కడో అవతలి ఊరి దాకా బండి నడుపుకుంటూ పోయేవాడు, ఆ బట్టతల మీద నాలుగు వెంట్రుకల కోసం. … నవ్వు, పర్లేదు. నేనూ నవ్వేదాన్ని.

ఇంకోటి, మీరు దుంపల సలాడ్‌లో పంచదార వేస్తారు. ఒక్కసారి తిన్నాడు. చచ్చేదాకా అదే చెప్పాడు.

… ఆ. చచ్చేదాకానే.

…

ఉండు, దుంపలు పొంగుతున్నాయి. … ఆ, మంట తగ్గించాను.

అది కాదు ఇర్మా. ఈ ఊరు తన వాళ్ళెవరు పోయినా తనే భోజనం పెట్టుకుంది. మా పెద్దలు డకోటాకి వచ్చిన మొదటి చలికాలంలోనే ముగ్గురు పోయారట. మట్టిపెళ్ళలు పేర్చుకున్న ఇళ్ళు, బయట నేల గడ్డకట్టి గునపం దిగదు. మంచు కరిగేదాకా ఆగి పాతిపెట్టారు. అప్పుడైనా రొట్టె కాల్చి, కాఫీ పెట్టి, అందర్నీ కూర్చోబెట్టారు. మా అత్తగారు చెప్పేది. ఫ్లూ వచ్చిన ఏడాది లోపలికి రానివ్వలేదు, కిటికీలోంచి అందించారు. కానీ పెట్టారు.

ఆవిడ పోయినప్పుడు ఇక్కడ మూడు విడతలు వడ్డించాం. చోటు చాలక మెట్ల మీద నిలబడి తిన్నారు. మూడొందల పైచిలుకు జనం అప్పుడు. పెయింట్ కొట్టు కూడా ఉండేది. హోటలుండేది. నార్వే వాళ్ళకో చర్చి, జర్మన్లకో చర్చి, రెండింటికీ పడేది కాదు. పోట్లాడుకోడానికి కూడా సరిపడా మనుషులుండేవాళ్ళు.

ఇప్పుడా? రోడ్డు మీద బోర్డులో ఇరవై మూడని ఉంది, అది పాత లెక్క. ఉన్నది ఐదుగురం. … సరే, నలుగురం. నువ్వు సరిదిద్దక్కర్లేదు.

ఎంతమందికి వండుతున్నానా. … బస్తా. … అవును, బస్తా మొత్తం. కూర్చుని ఒలవడం మొదలుపెట్టాను, చెయ్యి దాని మానాన అది పోతోంది. చూసేసరికి బస్తా అడుగు కనిపించింది. … చుట్టుపక్కల పొలాల వాళ్ళొస్తారు, ఊరొదిలి వెళ్ళినవాళ్ళు కొందరొస్తారు. అయినా ఎక్కువే. మూడు విడతల జనం వస్తారన్నట్టు ఒలిచాను. ఎందుకని అడక్కు.

బల్లలు కూడా వేసేశాను. … అన్నీ. కుటుంబం బల్ల కూడా, పోయినవాళ్ళ ఇంటివాళ్ళు కూర్చునేది. ఎప్పట్లాగే ముందు వరసలో, తెల్లగుడ్డ పరిచి, చుట్టూ కుర్చీలు పెట్టి.

… ఎవరు కూర్చుంటారంటే…

ఆర్విడ్ తమ్ముడు రాలేడు. అరిజోనాలో ఆక్సిజన్ మీద ఉన్నాడు. మాకు పిల్లల్లేరు, నీకు తెలుసుగా.

… నేను వడ్డిస్తాను కదా. ముందు కుటుంబం బల్లకి వడ్డించాలి. వాళ్ళు ముద్ద నోట్లో పెట్టాకే మిగతా వాళ్ళు ప్లేటు ముట్టుకోవాలి. అందుకని నేను…

చెప్పు. వింటున్నాను.

… అవును. ఖాళీ బల్లకి వడ్డిస్తాను.

…

నిన్నంతా దాని చుట్టూ తిరిగాను ఇర్మా. గుడ్డ ముడతలు సరిచేశాను. పూలు పెట్టాను. పాపం ఎవరో వస్తారు, వాళ్ళ మనిషి పోయాడు, మర్యాదగా చూసుకోవాలి అనుకుంటూనే చేశాను. అది నా బల్ల అని ఒక్కసారి కూడా తోచలేదు.

… నిజమే. ఆర్విడ్ తరఫున కూర్చోడానికి ఒక్క మనిషి లేదా అనుకుంటారు. … ఆయన్ని అలా పంపను. అది మాత్రం వద్దు.

సరే. … సరే అన్నానుగా. రండి.

ఎవరెవరొస్తారు? … అంతమందా. … దుంపలేమీ తేవద్దు. గుడ్లూ వద్దు. మనుషుల్ని తీసుకురా, చాలు. బన్నుల్లో వెన్న రాసి హామ్ పెట్టాలి, అదొక్కటే మిగిలింది. కాఫీ తేటగా దిగడానికి పొడిలో గుడ్డు కొట్టి మరిగించడం వచ్చా మీవాళ్ళకి? … సరే, దగ్గరుండి చూస్తాను. … సరే, చూడను. బయట కూర్చుంటాను.

పంచదార వాసన తగిలితే మాత్రం లేచొస్తాను.

అక్కడ కూర్చుని ఏం మాట్లాడాలి నేను? … ఏమీ అక్కర్లేదా. తింటే చాలా. … తింటాను. అది చేయగలననుకుంటా.

ఇప్పుడే బయల్దేరుతున్నారా. … ఆ, పొయ్యి ఆపేశాను. … ఏప్రన్ కూడా తీసేస్తున్నాను, నీ మాటెందుకు కాదనాలి.

ఉండు.

… ఏం లేదు. ముడి రావడం లేదు. వెనక్కి కట్టుకున్నాను, నా వేళ్ళు వంగవు కదా. … కట్టుకోవడం వచ్చు. విప్పడమే రాదు. భోజనాలయ్యాక ఆర్విడ్ కుర్చీలు మడిచి లోపలికొచ్చి, నా వెనక నిలబడి విప్పేవాడు. ఏమీ అనేవాడు కాదు. విప్పి వెళ్ళిపోయేవాడు.

… లేదు, ఇక్కడెవరూ లేరు.

వద్దు, నువ్వొచ్చేదాకా ఆగను. ఫోను పెట్టేస్తున్నాను ఇర్మా. దీనికి రెండు చేతులూ కావాలి.