రెండు సీట్ల వెనక

ఆదివారం మధ్యాహ్నం. బస్ స్టాపు పక్కన, మూసి ఉన్న చెప్పుల దుకాణం మెట్ల చాటున ఒక భార్యా, భర్తా.

"తల లోపలికి పెట్టు. చూస్తుంది."

"చూడదు, అటు తిరిగి ఉంది. ముందు మీరు ఆ టోపీ తియ్యండి. దొంగలా ఉన్నారు."

"టోపీ తీస్తే నా బట్టతలని వీధి చివర్నించే గుర్తుపడుతుంది."

"పెట్టుకున్నా పండు గుర్తుపడుతుంది. కన్నకూతురండీ."

"నెమ్మదిగా మాట్లాడు."

"నెమ్మదిగానే మాట్లాడుతున్నాను. మీరే ఆ టోపీ పదేపదే సవరిస్తున్నారు."

"మెట్టు ఎగుడుదిగుడుగా ఉంది."

"మెట్టుకీ టోపీకీ ఏమిటి సంబంధం?"

"అదుగో, బస్సు వచ్చింది. పద, పద... ఆగు. ఎక్కడం లేదే!"

"ఖాళీ బస్సేగా?"

"ఖాళీయే. పార్కుకి వెళ్ళేదే. అద్దం మీద ఇంతింత అక్షరాలు అంటించారు, సంగీతోత్సవం స్పెషల్ అని."

"మరెందుకు ఎక్కలేదు? ఏమండీ, ఒంట్లో తేడాగా ఉందేమో. నోట్లో ఆ ఇనప రుచి మొదలైందేమో."

"అశుభం మాట్లాడకు."

"ఫిట్స్ వచ్చే ముందు అలాగేగా ఆగిపోతుంది! పోయినసారి మేడ మెట్ల మీద ఇలాగే నిలబడిపోయి, అమ్మా నోట్లో ఇనుములా ఉందే అంది. నేను స్టవ్ కట్టేసి వచ్చేలోపే పడిపోయింది."

"అది జరిగి ఏడాది కావస్తోంది. మందులు బాగా పడ్డాయి. డాక్టరమ్మ ఏం చెప్పింది? పిల్లని ఒక్కదాన్నే తిరగనివ్వండి, మీ భయం దానికి ఇంకో జబ్బయి కూర్చుంది అని చెప్పలేదూ?"

"ఆవిడకేం, చెబుతుంది. పడేది నా పిల్ల."

"నా పిల్ల కూడా."

"అయితే మరి వెనక రాము, ఇంట్లోనే కూర్చుంటాం అని దానికి ఎందుకు మాటిచ్చారు?"

"నువ్వూ ఇచ్చావు."

"నేను తలూపాను. అంతే. మాటిచ్చింది మీరు."

"ఇంకో బస్సు వచ్చింది. చూడు, దీన్నీ వదిలేసింది! వంగి చెప్పు పట్టీ సవరించుకుంటోంది."

"ఎవరి కోసమో ఆగిందండీ. ఎవరో వస్తామని ఉంటారు."

"ఎవరొస్తారు? ఫ్రెండ్స్ తిన్నగా పార్కుకే వస్తామన్నారుగా."

"అదే నేనూ అంటున్నాను. ఫ్రెండ్స్ కాకపోతే ఎవరు?"

"నువ్వు ఊరుకో. ఒక భయం చాలదని రెండోది తగిలిస్తావు."

"మూడో బస్సు. ఈసారి ముందే లేచి సిద్ధంగా ఉండండి... అదుగో, ఎక్కుతోంది. పదండి, పదండి! వెనక తలుపు నుంచి. టోపీ కిందికి లాక్కోండి."

బస్సులో. ఇద్దరూ వెనక వరసలో.

"కనబడుతోందా?"

"కనబడుతోంది. మన ముందు రెండు సీట్లు, ఆ తరవాత అదే. కిటికీ పక్కన."

"అంత దగ్గరా! వెనక్కి తిరిగితే అయిపోయాం."

"తిరగదు. మధ్యలో డోలు పట్టుకుని ఒకాయన అడ్డం ఉన్నాడు. దేవుడిలా వచ్చాడు."

"ఏమండీ, ఇది ఎప్పుడూ ముందే కూర్చుంటుంది కదా, డ్రైవరు వెనకాల. ఇవాళ మధ్యలో కూర్చుందేం?"

"కూర్చోవాలనిపించింది, కూర్చుంది. సీటుకి కూడా కారణాలు వెతుకుతావా?"

"ఈ చొక్కా కూడా. ఎన్నడూ నలుపో బూడిద రంగో తప్ప వేసుకోదు. మీరు నిమ్మపండు రంగు గుడ్డ తెచ్చి, ఇంతేసి తెల్ల కాలరు పెట్టి కుడితే, నోరెత్తకుండా వేసుకుంది."

"ఇప్పుడిదే ఫ్యాషన్ అని చెప్పాను."

"నిజం చెప్పండి. ఎందుకు కుట్టారు?"

"జనంలో దూరం నుంచి కనబడాలని."

"అనుకున్నాను. కాజాలు కుట్టేటప్పుడే అనుకున్నాను. ఇంత చొక్కాకి అంత కాలరేమిటి అని."

"దర్జీ వాణ్ణి. నాకు చేతనైంది అదొక్కటే. ఇంకేం చెయ్యను చెప్పు? డాక్టర్నా, మందు కనిపెట్టనా?"

"ఏడవకండి బాబూ. బస్సులో."

"ఏడవటం లేదు. టోపీ కళ్ళమీదికి జారింది."

"అది కిటికీకేసి అలాగే చూస్తోంది చాలాసేపట్నించి. బయటికి చూస్తోందో, అద్దంలోకి చూస్తోందో."

"రోడ్డు చూస్తోంది. చూడనీ. దానికీ ఊరు చూడాలని ఉండదూ? ఎన్నాళ్ళు మన కుట్టుమిషన్ పక్కన కూర్చోబెట్టుకుంటాం?"

"పడిపోతే పక్కవాళ్ళకి ఏం తెలుసండీ? పక్కకి తిప్పి పడుకోబెట్టాలని తెలుసా? నోట్లో ఏమీ పెట్టకూడదని తెలుసా? ఎవడో చెంచా దూరుస్తాడు, ఇంకెవడో నీళ్ళు పోస్తాడు."

"చాలు."

"నేను అంటున్నదల్లా..."

"చాలన్నాను. నాకు తెలియదా? దాని వెనకే ఉన్నాం కదా. రెండు సీట్లు. ఒక్క అంగలో అందుకుంటాను."

పార్కులో. వేదికకి దూరంగా, చెట్లకి కట్టిన తాడు దగ్గర. సాయంత్రమవుతోంది.

"ఏమీ వినబడటం లేదు. గట్టిగా చెప్పండి!"

"నేనేమీ చెప్పలేదు! పాట అది!"

"ఇది పాటా? నాకు గుండెల్లో మోగుతోంది."

"పండు నవ్వుతోంది, చూశావా? ఆ పొట్టి పిల్ల చెయ్యి పట్టుకుని గెంతుతోంది. మన పండే. గెంతుతోందే!"

"చూశాను. చూస్తూనే ఉన్నాను. దానికి ఇలా నవ్వటం వచ్చని మర్చిపోయాను."

"ఏడుస్తున్నావా?"

"నాకు టోపీ కూడా లేదు."

"మంచినీళ్ళు తాగు. ఇంకో పాట అయ్యాక వెళ్దామంటారు, ఆడపిల్లలు. అప్పుడు... అయ్యో. అయ్యో, లైట్లు."

"ఏం లైట్లు?"

"వేదిక మీద. వేశారు. చూడు, కొట్టుకుంటున్నాయి, ఆరి వెలిగి, ఆరి వెలిగి..."

"అవి దానికి పడవు! డాక్టరమ్మ మొదటి రోజే చెప్పింది, మెరిసే లైట్లకి దూరంగా ఉంచమని. ఎక్కడుంది? నాకు కనబడటం లేదు. ఏమండీ!"

"ఉండు. చొక్కా చూస్తున్నాను. పసుపు... ఆ వెలుగులో అన్నీ పసుపే. తెల్ల కాలరు. తెల్ల కాలరు ఎక్కడ?"

"నేను వెళ్తున్నాను. తెలిస్తే తెలియనీ, తిడితే తిట్టనీ."

"ఆగు. అదుగో! బయటికి వస్తోంది. చేత్తో కళ్ళు మూసుకుని, తల వంచుకుని వస్తోంది. ఫ్రెండ్‌కి చెయ్యి ఊపింది. తనే వచ్చేస్తోంది."

"నడక తిన్నగానే ఉందా?"

"తిన్నగా ఉంది. ఎంత తెలివిగా వచ్చేసిందో చూడు. మనం చెప్పకుండానే."

"ఇటే వస్తోంది. చెట్టు వెనక్కి రండి. రండీ!"

"గేటు దగ్గర ఆగింది మళ్ళీ. చుట్టూ చూస్తోంది."

"దారి తెలియటం లేదేమో. బస్సులు నిండిపోయి, తలుపులకి వేళ్ళాడుతున్నారు. ఇంటికెలా వెళ్తుంది?"

"మెట్రో బోర్డు కింద నిలబడింది. మెట్రోకే వెళ్తుంది. నువ్వు నా చొక్కా వదలకు. ఈ జనంలో మనమిద్దరం తప్పిపోయామంటే ఇక నవ్వులపాలే."

మెట్రో రైలు పెట్టె. నిలబడటానికే చోటు లేదు.

"ఎక్కిందా? చూశారా?"

"ఎక్కింది. ముందు పెట్టెలో, నా కళ్ళతో చూశాను. మనం ఆఖరి క్షణంలో దూరాం. తలుపు నా టోపీ మీద పడింది."

"ఈ పెట్టెలోంచి ఆ పెట్టెలోకి కనబడుతుందా?"

"మధ్యలో అద్దం ఉంది. కాస్త జరగండి బాబూ, దారివ్వండి. మా అమ్మాయి... ఏం లేదు, ఊరికే."

"కనబడుతోందా?"

"ఆగు."

"ఆగడమేమిటి? కనబడుతోందా లేదా?"

"ఎర్ర సంచీ ఆయన అడ్డం. ఆ పక్కన కాలేజీ పిల్లలు. తలుపు దగ్గర ఎవరూ... పసుపు లేదు."

"పసుపు లేకపోవటమేమిటి!"

"లేదు. ఆ పెట్టెలో లేదు."

"కింద చూడండి. కూర్చుందేమో. పడి... కింద చూడండి!"

"కింద జాగా ఎక్కడిది? ఎవరైనా పడితే ఇంతమంది అరవరా? లేదు. అసలు లేదు."

"మీరు చూశానన్నారుగా! మీ కళ్ళతో చూశానన్నారుగా!"

"చూశాను! ఎక్కింది. అది ఎక్కాకే మనం ఎక్కాం. స్తంభం చాటు నుంచి పరిగెత్తాం కదా, ఆ ఒక్క నిమిషం నేను... ఆ నిమిషంలో దిగిపోయి ఉండాలి."

"ఎక్కినది ఎందుకు దిగుతుంది?"

"నాకేం తెలుసు!"

"ఎవరో దింపేశారు. ఎవరో చెయ్యి పట్టుకుని లాగేశారు. లేకపోతే ఇనప రుచి వచ్చి ఉంటుంది, అందుకే దిగి ఉంటుంది. ఆ స్టేషన్లో ఒక్కత్తే... పట్టాల పక్కన... ఏమండీ, పట్టాల పక్కన..."

"ఊపిరి తీసుకో. నన్ను పట్టుకో. తరవాతి స్టేషన్లో దిగుదాం. దిగి వెనక్కి వెళ్దాం."

"ఫోను చెయ్యండి."

"చేస్తే ఈ అనౌన్స్‌మెంట్ వినబడుతుంది. ఇంట్లోనే ఉంటామని చెప్పాం."

"ఇంకా మీకు ఆ మాట మీద పరువా? పిల్ల కనబడటం లేదు!"

"చేస్తున్నాను. చేస్తున్నాను. ఇదుగో ఫోను. నువ్వు నొక్కు."

"మోగుతోంది."

"ఎత్తిందా?"

"మోగుతోంది. మోగుతోంది. ఎత్తదేం? ఏమండీ, ఎత్తటం లేదు. ఆగిపోయింది."

"మళ్ళీ చెయ్యి."

"నా తప్పే. పొద్దున్న వెళ్తానంటే వద్దని కాళ్ళమీద పడాల్సింది."

"తప్పు నాది. టోపీలూ, చాటుగా నడవటాలూ. పక్కనే నడిచి ఉంటే ఏం పోయేది? దానికి కోపం వచ్చేది. అంతేగా. కోపం వస్తే వచ్చేది. తలుపు తెరుచుకుంది, దిగు. జాగ్రత్త. ఇక్కడ గోడ పక్కకి రా."

"మళ్ళీ మోగుతోంది. మోగు... ఎత్తింది! ఎత్తింది! మీరు మాట్లాడండి."

"పండూ? పండూ, నాన్నని."

"నాన్నా..."

"ఏం లేదమ్మా, ఊరికే చేశాను. మేం ఇంట్లోనే ఉన్నాం. అమ్మ, అమ్మ వంట చేస్తోంది. నువ్వెక్కడున్నావు?"

"పార్కు స్టేషన్లో."

"ఒంట్లో ఎలా ఉంది?"

"బాగానే ఉంది."

"ఇటివ్వండి. పండూ, అమ్మనే. నోట్లో రుచి ఎలా ఉంది?"

"మామూలుగానే ఉందమ్మా. నువ్వు సంచీలో వేసిన పిప్పరమెంటు రుచి."

"ఇనుములా లేదుగా?"

"లేదు. బెంచీ మీద కూర్చున్నాను. గోడ పక్కన, పట్టాలకి దూరంగా. పడితే దెబ్బ తగలకుండా."

"మా తల్లే. మా బంగారు తల్లే."

"గొంతు అలా ఉందేంటి? ఏడుస్తున్నావా?"

"ఉల్లిపాయలే. ఇదుగో నాన్న."

"పండూ, మొదటిసారి చేస్తే ఎత్తలేదేం?"

"కంగారుపడ్డాను నాన్నా. ఫోను కింద పడింది."

"కంగారెందుకు? ఎవరైనా ఏమైనా అన్నారా? శుభ్రంగా రైలెక్కినదానివి, మళ్ళీ ఎందుకు దిగావు?"



"అయిపోయింది. చెప్పేశారు. ఇంట్లో కూర్చుని రైలెక్కటం ఎలా చూశారండీ?"

"పండూ, అది... అంటే మేం... పండూ, ఉన్నావా?"

"ఉన్నాను."

"కోప్పడకమ్మా. ఇంకెప్పుడూ రాం. ఎందుకు దిగావో అది ఒక్కటీ చెప్పు."

"మీరు ఎక్కలేదనుకుని."

"ఏమిటీ?"

"ఎక్కి వెనక్కి చూశాను. టోపీ కనబడలేదు. మీరు కిందే ఉండిపోయారనుకుని దిగేశాను. ఈలోపు తలుపులు మూసుకున్నాయి."

"నీకు... నీకు ఎప్పట్నించి తెలుసు?"

"చెప్పుల దుకాణం దగ్గర్నించి. ఇంట్లో గొప్పగా చెప్పి వచ్చాను గానీ, మలుపు తిరగ్గానే భయమేసింది. ఇంటికి వెళ్ళిపోదామనుకుని వెనక్కి తిరిగితే, మెట్ల చాటున అమ్మ కొంగు. మీరు లేచేదాకా బస్సులు వదిలేశాను."

"ఏమంటోందండీ? ఏమంటోంది అది?"

"నాన్నా, ఇంట్లోంచి బయల్దేరాక నేను ఒక్కదాన్నే ఉండటం ఇదే మొదటిసారి. తొందరగా రండి."