ఎనిమిది లేని నంబరు

నిజామాబాద్‌లో లెక్కల టీచరుగా రిటైరైన పుష్పలత ఇంట్లో ఒంటరిగా ఉంది. ఫోన్‌లో వీడియో కాల్. అవతల మనిషి కనబడడు, పోలీసు బొమ్మ ఒక్కటే.

“కెమెరా ముందు నుంచి కదలొద్దు మేడం. మీ పేరుతో పంపిన పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయి, మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు.”

“నేనేం జేసిన సారు? పార్సిల్ గీర్సిల్ నేనెవ్వలకు పంపలె.”

“కేసు నంబర్ రాసుకోండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు, తొమ్మిది.”

“ఎనిమిది ఏది?”

“లేదు మేడం. ఎనిమిది లేదు.”

“గీ నంబరు... బాల్కొండ బడిల పిల్లలకు చెప్పేదాన్ని. తొమ్మిదితోని గుణిస్తే?”

“ప్రశ్నలు అడగొద్దు.”

“గుణిస్తే ఏమొస్తది?”

“అన్నీ... అన్నీ ఒకట్లే మేడం.”

“ఎవర్రా నువ్వు? నేను చెప్పిన లెక్కతోని నన్నే ముంచుతవారా?”

“పక్కన మా పెద్ద సార్ ఉన్నారు. జాగ్రత్తగా జవాబు చెప్పండి.”

“నా మాట గూడ ఆయనకు ఇనబడ్తదా? ఇనబడితే పద్దెనిమిదితోని గుణించు, లేకుంటే ఇరవై ఏడుతోని.”

“మూడ్లు మేడం. అన్నీ మూడ్లే.”

“ఇనబడది. మంచిగైంది. ఇగ గట్లనే చెప్పు. అవునంటే రెండ్లు, కాదంటే మూడ్లు. మన దేశంలనే ఉన్నవా?”

“మూడ్లు.”

“నౌకరీ అని తోలుకపోయిండ్రా?”

“రెండ్లు. ఖాతా చివర రెండ్లు, రాసుకున్నాను.”

“పాస్‌పోర్టు గుంజుకున్నరా?”

“రెండ్లు.”

“కొడ్తున్నరా బిడ్డా?”

“కెమెరా వైపే చూడండి మేడం.”

“చెప్పు.”

“రెండ్లు మేడం. రెండ్లు, రెండ్లు.”

“అయ్యో, నా కొడుకా! నా పానం ఆగుతలేదురా. మన జిల్లా పోరగాండ్లు ఎంతమందున్నరు? ఎంతతోని గుణించాల్నో చెప్పు.”

“అరవై మూడు.”

“ఏడ్లొస్తయి. ఏడుగురా!”

“కాల్ కట్ చేయొద్దు మేడం. మీకు దండం... మీకే చెబుతున్నాను, కట్ చేయొద్దు.”

“కట్ జేస్తే నీకు దెబ్బలు పడ్తయి, గదేనా?”

“రెండ్లు.”

“చెయ్యను. సస్తె గూడ చెయ్యను. ఇగో, కాయిదం మీద రాస్తున్న. కిటికీలకెళ్లి పక్కింటి అంకితకు సూపిస్త, అది పోలీసులకు ఫోన్ జేస్తది. గని నువ్వు ఏ ఊర్ల ఉన్నవో నాకు తెల్వాలె. అక్షరాలకు అంకెలు పెట్టుకుందాం. ఇంటున్నవా బిడ్డా? రెండ్లా, మూడ్లా?”

“మూడ్లు మేడం.”

“గదేంది? గొంతు మారింది. ఎవరు నువ్వు?”

“నమస్తే మేడం. వాడు చెప్పిన పెద్ద సార్‌ను నేనే, వాణ్ని జర పక్కకు జరిపిన. ఎనిమిది లేని నంబరు వాళ్ల బ్యాచుకన్న ముందు మా బ్యాచుకే చెప్పిండ్రు మీరు.”