తలుపేసుకుని జావాస్క్రిప్ట్

మాదాపూర్ ఆఫీసులో, భోజనాల వేళ, చిన్న మీటింగ్ గది తలుపు కొన్నాళ్ళుగా మూసే ఉంటోంది. తన టీమ్‌లోంచి ఎవరో జారుకోబోతున్నారని కామేశ్వరరావుకు అనుమానం. ఇవాళ తట్టకుండానే తోసుకుని లోపలికి వెళ్ళాడు. లోపల ఒక్కతే కూర్చున్న ప్రవళిక గబుక్కున ల్యాప్‌టాప్ మూసింది.

“మూశావేం?”

“ఏం లేదు సార్. చదువుకుంటున్న.”

“ఏం చదువు?”

“జావాస్క్రిప్ట్.”

“ఇన్నేళ్ళుగా రోజూ రాస్తున్న కోడ్ ఏంటమ్మా మరి?”

“రాస్తున్న. పని అయితది. ఎందుకు అయితదో తెల్వది. అందుకే మళ్ళ మొదటి నుంచి పట్టిన.”

“తలుపేసుకునా?”

“బయట లొల్లి సార్.”

“అందరూ తినడానికి కిందికి పోయాక లొల్లేంటి? ఇందాక ఎవరితోనో మాట్లాడుతున్నావు.”

“నాతోనే. ప్రశ్న నేనే వేసుకుంట, జవాబు నేనే చెప్పుకుంట.”

“ఇంటర్వ్యూకి తయారయ్యేవాళ్ళు చేసే పని అది.”

ప్రవళిక ల్యాప్‌టాప్‌ను సంచిలో పెట్టబోయింది.

“చూశావా, తప్పించుకుంటున్నావు. ఏ కంపెనీ?”

“ఏ కంపెనీ లేదు సార్.”

“నా దగ్గర దాపరికం ఏంటమ్మా. నిన్నిక్కడ చేర్పించిందే నేను. చెప్పి వెళ్తే కాదంటానా?”

“నేను ఎటూ పోతలేను. జర నమ్మున్రి.”

“అంటే ఇంటర్వ్యూ లేదంటావు?”

“ఉంది.”

“అదీ. ఎప్పుడు?”

“సోమవారం. ఎవరికీ చెప్పొద్దన్నరు.”

“చెప్పొద్దన్నారూ… సరే, ఏం అడుగుతారట?”

“‘దిస్’ అనే మాట కోడ్‌ల ఒక్కో చోట ఒక్కోదాన్ని ఎందుకు చూపిస్తదో. గసొంటియి.”

“అబ్బో. అది నాకే తెలీదు. ఎవడిదో కోడ్ ఎత్తి అంటిస్తాను, నడిస్తే ఊరుకుంటాను. ఇన్నేళ్ళూ ఎవరైనా అడిగారా నన్ను?”

“గట్లనకున్రి సార్.”

“అంటే ఏం? తెలీకపోతే పని ఆగిందా? టీమ్ లీడ్‌ని అయ్యానా లేదా?”

“సార్, జర ఆగున్రి. ఇగ నాకేం చెప్పకున్రి.”

“అదేంటి, కళ్ళలో నీళ్ళు? రాదంటారని భయమా?”

“ఇంటర్వ్యూ నాకు కాదు సార్. టీమ్‌లో సగం మందినే ఉంచుతరంట. ఎవరికి పని వచ్చో ఒక్కొక్కరిని ప్రశ్నలడిగి తేల్చుమని పైవాళ్ళు నాకు చెప్పిన్రు. నాకే సరిగ్గ తెల్వకుంట ఒకరి ఉద్యోగం మీద మాట చెప్పొద్దని చదువుతున్న… సోమవారం పొద్దుగాల అందరికంటె ముందు అడగాల్సింది మిమ్మల్నే.”