డాక్టరమ్మ ఇచ్చిన కాగితం

ఇబ్రహీంపట్నంలో, పిల్లల మనసు సంగతులు చూసే డాక్టరమ్మ గది బయట బల్ల మీద యాచారం రైతు రాంచంద్ర, అతని భార్య సుశీల కూర్చున్నారు. ఎనిమిదో తరగతి చదువుతున్న వాళ్ల కూతురు భవిత లోపల ఒక్కతే డాక్టరమ్మతో మాట్లాడుతోంది. సుశీల చేతిలో తల్లిదండ్రులు నింపాల్సిన కాగితం ఉంది.

"‘చెప్పిన పనిని మధ్యలో వదిలేస్తుందా? ఎప్పుడూ, అప్పుడప్పుడు, ఎన్నడూ లేదు.’ దేనికి టిక్కు పెట్టాలె?"

"ఎన్నడూ లేదుకు పెట్టు."

"గదేంది? పొద్దుగాల నోట్ల బ్రష్షు పెట్టుకొని గేటు కాడ కుక్కపిల్లతోని ఆడుతాంటే నువ్వే అరిస్తివి కద!"

"పిల్లలన్నంక గట్లనే ఉంటరు సుశీలా. దానికి దవాఖానెందుకు, గీ కాగితాలెందుకు?"

"బడిల నిర్మల మేడం పంపింది కద. లెక్కలు నోటితోని టకటక చెప్తదంట. రాయమంటే సగంల ఆగి కిటికీ దిక్కు చూస్తదంట."

"మొండిది. కావాల్నని చేస్తది."

"కావాల్నని చేసేటిదైతే ఎందుకేడుస్తది? మొన్న దోస్తు పిల్ల ‘నీకు మతి లేదే’ అన్నదని రెండు దినాలు బువ్వ ముట్టలె. గా పిల్ల ఆ మాట అన్నదే మర్చిపోయింది. మనది ఇంక గదే యాది చేసుకొని..."

"గది రాయకు."

"గీ కాగితంల అడిగిండ్రు. ‘చిన్న మాటకు పెద్దగా ఏడుస్తుందా?’"

"అప్పుడప్పుడు."

"ఎప్పుడూ."

"సుశీలా! ఊర్లె తెలిస్తే పిల్లకు పిచ్చి అంటరు."

"పిచ్చి కాదని డాక్టరమ్మ నీ ముందరనే చెప్పింది. మనసు ఒక్కదాని మీద నిలువదంట. గది దాని చేతుల లేదంట. మందులున్నయంట, నేర్పించే పద్ధతులున్నయంట. తిడితే మాత్రం ఇంకింత ఎక్కువైతదంట."

"మా బాపు నన్ను కట్టెతోని పెంచిండు. నాకెవరు మందిచ్చిండ్రు?"

"అందుకే ఏడో తరగతి తప్పి బడి మానేసినవ్."

"ఇప్పుడు నా ముచ్చటెందుకు? తర్వాతది చదువు."

"‘దీని వల్ల ఇంట్లో ఏమైనా నష్టం జరిగిందా? ఏం జరిగిందో రాయండి.’"

"ఏం జరగలె."

"మోటరు?"

"మోటరు సంగతి వద్దు."

"రాస్త. బంద్ చేసి రమ్మని పంపిస్తిమి. తూనీగలెంట పోయింది. నీళ్లు లేని బోరుల నడిచి నడిచి మోటరు కాలిపాయె. బీరతోట ఎండిపాయె. గంతే కద?"

"గంతవరకే రాయి."

"తర్వాతేమైందని అడిగితే?"

"ఎవరడుగుతరు? నువ్వు చెప్పకుంటే ఎవరికి తెలుస్తది?"

"నాకు తెల్వదా? నేను గాడనే ఉంటిని కద. అడ్డం రాలె. గది ఎవరు రాయాలె?"

"జర మెల్లగ... ఎవరన్న ఇంటరు. నెలాయె సుశీలా, నాకు కంటి మీద కునుకు లేదు. నీకు ఎరుకే కద?"

"ఎరుకే."

"మరింకేంది? మోటరు మళ్ల కొనుక్కోవచ్చునని నాకు గప్పుడు తోచలె. తోచలె, గంతే."

"ఆఖరుది. ‘మీ పాప ఏం చేస్తున్నప్పుడు సంతోషంగా ఉంటుంది?’"

"నువ్వు రాయి."

"నువ్వు చెప్పు. బాపువి."

"పొలానికి పోయేటప్పుడు బండి మీద నా ఎనుక కూసొని పాటలు పాడతది. ఆపుమన్నా ఆపదు. గాలికి నోట్ల ఎంటికలు పోయినా పాడతది."

"ఇప్పుడు పాడతాందా?"

"ఇప్పుడు... బండే ఎక్కుతలేదు. నడిసే వస్తనంటది."

"గది కూడ రాయాల్నా?"

"నీ ఇష్టం."

తలుపు తెరుచుకుని భవిత బయటికి వచ్చింది.

"అమ్మా, అయిపోయింది. నీళ్లియ్యి."

"ఇగో. ఏమడిగింది బిడ్డా?"

"మస్తు అడిగింది. బొమ్మలు చూపెట్టింది. మంచిగనే మాట్లాడింది. మిమ్మల్ని లోపలికి రమ్మంటాంది."

"ఇంకా ఏమన్న అడిగిందా?"

"అడిగింది బాపూ. అమ్మ ముంగట చెప్పాల్నా?"

"చెప్పు."

"కోపం చెయ్యవు కద?"

"చెయ్య. చెప్పు బిడ్డా."

"చెయ్యి ఎట్ల ఇరిగిందని మూడుసార్లు అడిగింది. మెట్ల మీదికెళ్లి పడ్డ అనే చెప్పిన. నువ్వు నేర్పినట్టే చెప్పిన బాపూ, ఒక్క మాట కూడ మర్చిపోలె."