మేఘాల బోర్డు

సాయంత్రం మునిసిపల్ కౌన్సిల్ సమావేశం నుంచి వచ్చిన, కౌన్సిలరైన చెల్లెలు గొడుగుల దుకాణం ముందు ఆగింది. అన్న నిచ్చెనెక్కి, దుకాణానికి తాను గీసుకున్న పెద్ద బోర్డు మీది మేఘాలను తడిగుడ్డతో తుడుస్తున్నాడు. ఆ బోర్డు వెనకే, మేడ మీద, ఆమె గది.

"ఏమైందమ్మా?"

"పెద్ద బోర్డులన్నీ తీసెయ్యాలట అన్నయ్యా. ఒక్క ఓటు తేడాతో తేలిపోయింది."

"నా మొహం చూసైనా మనవైపు చెయ్యెత్తుతారన్నావుగా?"

"ఈసారి చేతులెత్తించలేదు, చీటీలు వేయించారు. బయటికొచ్చాక అందరూ నీకే వేశామన్నారు."

"భలేవాళ్ళే! మరి నా బోర్డెలా పోయింది?"

ఆమె వచ్చి అతని నిచ్చెన పట్టుకుంది.

"నిన్న నీ కిటికీకి కొత్త తెర కుట్టుకున్నావు. బోర్డు మూసేసిన కిటికీకి తెరెందుకా అనుకున్నా."

"నీ మేఘాలు చాలా బాగుంటాయి అన్నయ్యా. నాకే, ఎప్పుడూ వాటి వీపు కనిపిస్తుంది."

"చేతులెత్తమని అడిగుంటే?"

"అందరి ముందూ నీకు వ్యతిరేకంగా ఎలా ఎత్తేదాన్ని?"

అతను ఆఖరి మేఘాన్ని కూడా తుడిచాడు. తర్వాత గుడ్డ భుజాన వేసుకున్నాడు.

"ఆ స్క్రూడ్రైవర్ ఇలా అందించి, పైకెళ్ళి కిటికీ తెరువు. బోర్డు దించగానే, నాకు కనపడేలా చెయ్యెత్తు."