తూర్పు మొగం

పుంగనూరులో దేవరాజులు శానిటరీ అంగడి. రామసముద్రం దగ్గర పల్లె నుంచి వచ్చిన అత్త ఈరమ్మ, కోడలు సుమతి.

"ఇది పట్టదన్నా. ఇంకా పొట్టిది సూపీ."

"ఇంతకంటే పొట్టి కమోడంటే బడిపిల్లోల్లదేనమ్మా. మన పుంగనూరు ఆవు మాదిరి కమోడ్లు ఇంకా ఎవురూ చెయ్యలా. కొలత తెచ్చినావా?"

"తెచ్చినా. ఇదో, ఈ ముడి దాకా అడ్డం. ఆ కొస దాకా నిలువు."

"సుమతీ! అది నా దూడ పలుపు గదమ్మే! పొద్దన్నుంచి ఎతుకుతాండా!"

"అత్తా, రవ్వంత గమ్మునుండు. అన్నా, నువ్వు కొలత సూడు."

"చాలా ఇరుకమ్మా. తలుపు యా తట్టు తెరుచుకుంటాది?"

"లోపలికే."

"అయితే కూసున్నోళ్ళ మోకాళ్ళు తలుపుకు కొట్టుకుంటాయి. ఇప్పుడుండేది ఇండియనే కదా? యాల మార్చేది?"

"అట్లడుగప్పా! నేనూ అదే అంటాండా. పగల్లేదు, కారలేదు. బండి తీయనని బస్సులో తోడుకొచ్చింది, దీనికోసరం!"

"అత్తకోసరమే అన్నా. మోకాళ్ళు..."

"ఎవురి మోకాళ్ళు? రెండు పూట్లా గొంతుకూసోని పాలు పిండతాండానే, నా మోకాళ్ళకేమొచ్చింది?"

"వయసయితాండాది గదత్తా. రేపేమన్నా వస్తే..."

"రేపొచ్చేదానికి ఈపొద్దు యాల కొనేది?"

"గోడకు తగిలించేది ఒకటుండాదమ్మా. జాగా తక్కువ తీసుకుంటాది."

"మా గోడ మోయదన్నా. మేకు కొడితేనే రాలతాది. ఇంగోటి సూపీ. బిన్నా, పొద్దుపోతాండాది."

"ఇంగోటంటే... ఈ చిన్నదాన్ని పడమటి గోడకు ఆనిచ్చి పెడితే పడతాది. తలుపుకు తగలదు. కాకపోతే కూసున్నోళ్ళ మొగం తూర్పుకొస్తాది."

"తూర్పుకా! సూర్యభగవానుని తట్టు మొగం పెట్టుకోని ఆ పనా? మా ఆయన పక్కనే నిలబడి ఉత్తరానికి పెట్టించి పోయినాడప్పా. లెయ్ సుమతీ, బస్సుకు పోదాం."

"కూసో అత్తా. అన్నా, అదే రాసుకో. రేపే మనిషిని పంపీ."

"నేనొద్దంటాంటే రాసుకోమంటావా? నా కొడుకు రమణ బెంగళూరు నుంచి రానీ. వాడు సెప్పినట్ల సేద్దాం."

"ఆయనొచ్చేది వచ్చే నెల. అందాకా కాదు."

"యాల కాదు? ఏమి ముంచుకొస్తాండాది? ఇంటిమింద ఇంత అక్కర నీకెప్పుటి నుంచి? తెల్లారితే పక్క వీధి సంగీత ఇంటికి పరుగే గదా. వానొచ్చినా పరుగే. సుట్టాలొచ్చినా పరుగే."

"ఆ మాట ఈడ యాలత్తా..."

"ఈడయితేనేమి? ఈరమ్మ కోడలికి ఇంట్లో కుదురు లేదంట అని ఊరంతా అంటాండారు. నాకు సిగ్గుతో తలెత్తేకి లేదు. నువ్వే సెప్పప్పా, కాపరం సేసే ఆడదానికి..."

"నేను... నేను టీ చెప్పొస్తానక్కా."

"ఉండన్నా. యాటికీ పోవద్దు. అత్తా, సంగీత వాళ్ళింట్లో వెస్టర్న్ ఉండాది."

"ఉంటే?"

"అందుకే పోతాండా."

"ఏమంటాండావే?"

"నా కుడికాలు వంగదత్తా. గొంతుకూసుంటే లేసేకి కాదు. మన బాత్రూములో ఒకపొద్దు బకెట్ పట్టుకోని, గోడ పట్టుకోని, ఎంతసేపు ఏడిసినానో నాకే తెలుసు."

"ఎప్పుటి నుంచి?"

"కలకడ పెండ్లి నుంచి వస్తా ఉంటే, బండి..."

"ఆ పొద్దు మనకేమీ కాలేదు గదా! నా కొంగు చక్రంలో సిక్కుకుంటే నువ్వు కాలు ఆనిచ్చి బండి నిలబెడితివి. కింద కూడా పడలా. నా కోడలు సివంగి అని కనపడినోళ్ళందరికీ సెప్పుకున్నానే!"

"ఆ ఆనిచ్చిన కాలే అత్తా."

"నాకు యాల సెప్పలేదు?"

"ఇంటికొచ్చి దేవుని పటం ముందర నువ్వేమన్నావు? 'నా కొంగు వల్ల బిడ్డకేమన్నా అయ్యింటే నేను బతికేదాన్ని కాదు' అని ఎక్కెక్కి ఏడిస్తివి. ఇంగ నేనెట్ల సెప్పేది?"

"అయ్యో... అయ్యో నా తల్లీ. నేను నిన్ను ఎన్నెన్ని మాటలంటి..."

"ఏడవద్దత్తా. అన్న సూస్తాండాడు."

"నేను చూడలేదమ్మా. అక్కా, ఏం చేద్దాం? వేరే అంగళ్ళలో కూడా అడిగి చూస్తారా, తూర్పుకు రాకుండా ఏదన్నా..."

"వద్దప్పా. తూర్పుకే పెట్టు. రేపు గాదు, ఈపొద్దే. సూర్యునికి నేను సెప్పుకుంటా."